అబ్బాయి ఫుట్‌బాల్ లైన్‌మన్ అవుతానంటున్నాడు... ఆపాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో డిఫెన్సివ్ ట్యాకిల్‌గా, అంటే ఎదుటి జట్టును అడ్డుకునే ముందు వరుస (లైన్) మధ్యలో ఆడతాడు. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, బరువు 108 కిలోలు. ఇంకో 18 కిలోలు పెరిగితే కాలేజీల దృష్టిలో పడతాడని కోచ్ అన్నారట. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కే వెళ్తానంటాడు వాడు. ‘అదంతా మానేసి కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీకి చదువు’ అంటారు మావారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. మావారికి షుగర్ ఉంది, అదొక టెన్షన్. ఈ ఆటతో బతుకు సాగుతుందా? - ఒక తల్లి

జవాబు: ఆట మాన్పించకండి. అలాగని ఎన్‌ఎఫ్‌ఎల్‌ను నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు దాదాపు 10 లక్షల మంది. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం వాళ్లలో కాలేజీ జట్లకు చేరేది సుమారు 7 శాతం. కాలేజీలో ఆడి డ్రాఫ్ట్‌కు (లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) అర్హత వచ్చినవాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్లేది 1.6 శాతం. అక్కడున్నవి 32 జట్లు, ఒక్కో జట్టులో 53 మంది. 2025లో కొత్త ఆటగాడి కనీస వార్షిక జీతం 8,40,000 డాలర్లు. వినడానికి బాగుంటుంది కానీ చాలామంది ఒప్పందాల్లో పూర్తి హామీ ఉండదు. జట్టు వద్దనుకున్న రోజున జీతం ఆగిపోతుంది. సగటు కెరీర్ మూడేళ్ల పైచిలుకేనని ఆటగాళ్ల సంఘమే చెబుతుంది.

మీ అబ్బాయి చేస్తున్న పని ఏమిటో మీరిద్దరూ ఒకసారి దగ్గరగా చూడాలి. వాడి మ్యాచ్ వీడియో పెట్టించుకుని పక్కన కూర్చోండి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టి చప్పట్లు కొట్టించుకున్న ప్లే (ఒక విడత ఆట) కాకుండా, ఏమీ జరగనట్టు కనిపించే ప్లే చూపించమనండి. చెయ్యి నేలకు ఆనించి వంగి ఉంటాడు, కళ్లు బంతి మీదే. బంతి కదలగానే మొదటి అడుగు పడాలి, రెండు చేతులూ ఎదుటివాడి ఛాతీకి తగలాలి. అప్పటికే ఇద్దరు కలిసి వాడిని వెనక్కి నెడుతుంటారు. వాడు చోటు వదలకుండా నిలబడితే, వెనకున్న సొంత జట్టు లైన్‌బ్యాకర్ ఖాళీగా దూసుకొచ్చి బంతి పట్టుకున్నవాడిని పడేస్తాడు. పేరు లైన్‌బ్యాకర్‌కు వస్తుంది. మీ వాడి పని ఎవరి కంటా పడదు. ఆ ప్లే గురించి వాడు ఉత్సాహంగా చెబితే ఈ పొజిషన్ మీద వాడికి నిజంగా ఇష్టం ఉన్నట్టే. నేనైతే కోచ్ మాట కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఇదే పొజిషన్‌లో ఆడిన ఆరన్ డోనల్డ్ గురించి బాబు మీకు చెప్పే ఉంటాడు. పొజిషన్‌కు పొట్టివాడన్నారు, 2014 డ్రాఫ్ట్‌లో 13వ స్థానంలో తీసుకున్నారు. మూడుసార్లు ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడయ్యాడు, 2024లో 32 ఏళ్లకే రిటైరయ్యాడు. టెక్సస్ వాడే అయిన జాన్ రాండల్‌ను 1990 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 137.5 శాక్‌లతో (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. ఇవి నిజమే, పిల్లలకు ధైర్యమిస్తాయి. కానీ డ్రాఫ్ట్ కాకుండా ఇంటికెళ్లిపోయిన వేలమంది కథలు ఎవరూ చెప్పరు కదా!

మీవారికి మాత్రం అలన్ పేజ్ గురించి చెప్పండి. మిన్నెసోటా వైకింగ్స్ డిఫెన్సివ్ ట్యాకిల్. 1971లో లీగ్ మొత్తానికి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, డిఫెన్స్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆడుతూనే లా చదివి 1978లో మిన్నెసోటా యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్నాడు. పరుగు అలవాటై బరువు తగ్గితే వైకింగ్స్ అదే ఏడాది వదిలేసింది. షికాగో బేర్స్‌లో చేరి 1981 దాకా ఆడాడు. తర్వాత 1993 నుంచి 2015 వరకు మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఇంజినీరింగే కావాలంటే ఎండామకాంగ్ సూ ఉన్నాడు. 2010 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఎంపికైన ఈ ట్యాకిల్, నెబ్రాస్కాలో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పూర్తి చేశాకే లీగ్‌లోకి వెళ్లాడు. చదువూ ఆటా ఒకదాన్నొకటి మింగేస్తాయన్న మీవారి భయానికి వీళ్లే జవాబు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఎన్‌ఎఫ్‌ఎల్ కాదు, ఆ 18 కిలోలు. దక్షిణాసియా వాళ్లకు షుగర్, గుండెజబ్బు ముప్పు ఎక్కువ, అదీ తక్కువ బరువుకే వస్తాయి. మీ ఇంట్లో షుగర్ ఉండనే ఉంది. పిల్లాడికి ఇష్టమొచ్చినంత తినిపించి బరువు పెంచితే సగం పొట్ట చుట్టూ చేరుతుంది, మొదటి అడుగు నెమ్మదిస్తుంది. ముందు డాక్టర్‌ దగ్గరకు తీసుకెళ్లి హెచ్‌బీఏ1సీ (షుగర్ పరీక్ష), కొలెస్ట్రాల్, బీపీ చూపించండి. తర్వాత స్పోర్ట్స్ డైటీషియన్ చేత ప్లాన్ రాయించండి. ఆరు నెలలకోసారి ఈ పరీక్షలు మళ్లీ చేయించండి. పౌడర్లు, సప్లిమెంట్లు డాక్టర్‌కు తెలియకుండా ఇంట్లోకి రాకూడదు. ఇంత వేగంగా బరువెందుకని కోచ్‌ను అడగడం మీ హక్కు. తక్కువ బరువుతో, లైన్ చివర ఆడే డిఫెన్సివ్ ఎండ్ పొజిషన్ వీడికి సరిపోతుందేమో కూడా అడగండి.

రెండోది తల. చనిపోయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు 111 పరీక్షిస్తే 110లో సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించిందని 2017లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించారు. అవి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు, చాలామందిలో లక్షణాలు ముందే ఉన్నాయి. కాబట్టి ఆడిన ప్రతివాడికీ వస్తుందని అర్థం కాదు. కానీ లైన్‌మన్‌కు దాదాపు ప్రతి ప్లేలోనూ చిన్న దెబ్బ తగులుతుంది, అది కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) లెక్కలోకి రాదు. అందుకే తలనొప్పి, కళ్లు మసకలు, చికాకు ఏదున్నా ఆ రోజే మీకు చెప్పాలని వాడి దగ్గర మాట తీసుకోండి. కంకషన్ అనుమానం వచ్చాక డాక్టర్ రాసిస్తేనే మళ్లీ ఆడనివ్వాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. రెండోసారి కంకషన్ అయితే న్యూరాలజిస్ట్ ముందు కూర్చుని, ఆట కొనసాగించాలా లేదా అన్నది అప్పుడు తేల్చుకోండి.

ఇక చదువు. టెక్సస్‌లో సాధారణంగా ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచ్‌లు ఆడనివ్వరు, ఆ సంగతి వాడికి తెలుసు. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ వంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (4కి సగటు గ్రేడు) ఉండాలి. అందులో 10 కోర్సులు ట్వెల్త్ గ్రేడ్ మొదలయ్యే లోపే పూర్తవ్వాలి. ఇప్పుడే స్కూల్ కౌన్సెలర్‌తో సరిచూసుకోండి. కింది స్థాయి అయిన డివిజన్ 3లో, హార్వర్డ్, యేల్ వంటివి ఉన్న ఐవీ లీగ్‌లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఉండదు. కానీ మంచి మార్కులున్న లైన్‌మన్ కోసం కోచ్ అడ్మిషన్ ఆఫీసుకు గట్టిగా చెబితే చాలా కలిసొస్తుంది. మీ వాడికి ఈ ఆట ఇవ్వగలిగిన అసలు లాభం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మీవారు అడిగే ఎస్‌ఏటీ స్కోరు కూడా ఇక్కడే పనికొస్తుంది. ఏ కాలేజీ పిలిచినా, మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయినా అక్కడే చదివి డిగ్రీ తీసుకుంటాడా అని వాడినే అడగండి. కాదంటే ఆ కాలేజీ వద్దు. పెద్ద కాలేజీల్లో చేర్పిస్తామని వేల డాలర్లు అడిగే ఏజెన్సీలకు డబ్బు కట్టకండి. వీడియోలు అప్‌లోడ్ చేయడం, కోచ్‌లకు ఈమెయిల్ రాయడం వాడే చేసుకోగలడు.

కోచ్‌ను కలిసినప్పుడు మరొక్క ప్రశ్న వేయండి: గత ఐదేళ్లలో మీ దగ్గర ఆడిన డిఫెన్సివ్ లైన్‌మన్లు ఏ కాలేజీలకు వెళ్లారు, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు? ఆ వివరాలు, బాబు ట్రాన్స్‌క్రిప్ట్, డాక్టర్ రిపోర్టులు పెట్టుకుని నాకు మళ్లీ రాయండి. ఈసారి మీవారిని కూడా నాలుగు మాటలు రాయమనండి.