‘నీకేం తక్కువ’ అంటుంటే ఏడుపొస్తోంది

ప్రశ్న: మాది శ్రీకాకుళం. అరసవల్లి వెళ్లే దారిలో ఇల్లు. నాకు 41 ఏళ్లు, ఆమదాలవలస మండలంలో ప్రభుత్వ బడిలో టీచర్ని. మా ఆయనకు మందుల షాపు. రాత్రి పది దాటితే గానీ ఇంటికి రారు. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప ఎనిమిదో తరగతి. షుగర్ ఉన్న మామగారు మాతోనే ఉంటారు. అత్తవారిది ఉద్దానం. అక్కడి నుంచి ఆస్పత్రికని, కలెక్టరాఫీసు పని అని ఎవరొచ్చినా మా ఇంట్లోనే దిగుతారు. రథసప్తమికైతే ఇల్లు పట్టదు. ఈసారి బాబుకు పరీక్షలు దగ్గరపడ్డాయని ఆడపడుచును రావద్దన్నాను. మామగారు ‘ఇల్లు కాదు, మనసు ఇరుకైపోయింది’ అన్నారు. రోజూ మూడు మంచి విషయాలు పుస్తకంలో రాసుకుంటే ప్రశాంతంగా ఉంటుందని తోటి టీచరు చెబితే కొన్నాళ్లు రాశాను. అదీ ఇంకో హోంవర్కు అయిపోయింది. ‘నీకేం తక్కువ’ అంటారందరూ. నిజంగానే నేను స్వార్థపరురాలిని అయిపోయానా?

జవాబు: అమ్మా, లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాత్రి పదకొండున్నరకు పడుకుంటానని మీ ఉత్తరంలో ఎక్కడో ఒక ముక్క రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను. ఐదు గంటల నిద్రతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న మనిషికి గుమ్మంలో చుట్టం సంచి కనిపిస్తే విసుగే వస్తుంది. దాన్ని మీ గుణం కింద జమ వేసుకోకండి. ముందు నిద్ర సంగతి చూడాలి.

‘నీకేం తక్కువ’ అనేవాళ్లు చెడ్డవాళ్లు కాకపోవచ్చు. కానీ సొంత ఇల్లూ, ఉద్యోగమూ, మంచి మొగుడూ ఉన్నాయి గనక నడుం నొప్పి పుట్టకూడదన్నట్టుగా ఉంటుంది ఆ మాట. ఉన్నవాటికి సంతోషపడుతూనే అలసిపోయానని చెప్పుకోవచ్చు. మీరు రెండో మాట నోరు విప్పి చెప్పకుండా, మొదటిది పుస్తకంలో బలవంతంగా రాయబోయారు. అందుకే అది హోంవర్కయింది.

ఆ పుస్తకాన్ని పూర్తిగా పక్కన పెట్టమని అనను. రోజూ రాయడం మాత్రం మానేయండి. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో దీనిమీద ప్రయోగాలు ప్రచురించారు. మొదటి ప్రయోగంలో రాయించింది వారానికి ఒక్కసారే, పది వారాలు. చికాకులు రాసుకున్నవాళ్లతో పోలిస్తే, మేలు తలుచుకున్నవాళ్లు తమ బతుకు మెరుగ్గా ఉందనుకున్నారు. మీకూ ఆదివారం పది నిమిషాలు చాలు. ‘ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం’ అని జాబితా రాయొద్దు. ఒక మనిషి పేరు, ఆ మనిషి చేసిన ఒక పని, అంతే.

ఎవరి పేరుతో మొదలుపెట్టాలో మీ ఉత్తరంలోనే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీరు పిల్లలతో అత్తవారి ఊళ్లో ఉన్నారు. కరెంటు పోయి, మోటార్లు తిరగక, గుక్కెడు నీళ్లు దొరకని పరిస్థితి. పడిపోయిన కొబ్బరి చెట్లు దాటుకుంటూ మీ తోడికోడలు రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చి, తన పిల్లలకంటే ముందు మీ పిల్లలకు పోసిందని రాశారు. ఆమెకు ఈ మాట ఎప్పుడైనా చెప్పారా? ఆ ఏడాది నాటిన కొబ్బరి మొక్కలు కూడా కాపుకొచ్చే వేళయింది, మాట మాత్రం మీ దగ్గరే ఉండిపోయినట్టుంది. ఈసారి ఆమె ఆస్పత్రి పని మీద వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. మీ ఇంటికొచ్చేవాళ్లలో అందరూ భారం కాదని, కొందరికి మీరే రుణపడి ఉన్నారని అప్పుడు మీకే గుర్తొస్తుంది. అలాగే ఎంత ఆలస్యమైనా మామగారికి ఇన్సులిన్ సూది మీ ఆయనే వేస్తారని ఒక్క వాక్యం రాశారు. అది కూడా ఆయనకు చెప్పాల్సిన మాటే.

ఇక పెట్టుపోతల సంగతి. ఇక్కడే అసలు ముడి ఉంది. పిలుపు మామగారిది, పొయ్యి మీది. మంచి పేరు ఆయనకొస్తోంది, చాకిరీ మీకు మిగులుతోంది. ఇలాంటి చోట ఎంత పెట్టినా మనసు నిండదు. మామగారినీ నేను తప్పుపట్టను. పెద్ద లోగిలి, జీడితోట, ఇంటినిండా ఆడవాళ్లున్న రోజుల్లో పెరిగిన మనిషి. ఆ ఇంట్లో పదిమందికి ఎసరు పెట్టడం ఒక్కరి పని కాదు. ఇప్పుడు ఎసరూ మీదే, గిన్నెలూ మీవే, పొద్దున్న బస్సూ మీదే. ఈ తేడా ఆయన కంట పడి ఉండదు. చూపించాల్సింది ఆయన కొడుకు. మీరు చెబితే కోడలి సణుగుడు అవుతుంది, కొడుకు చెబితే లెక్క అవుతుంది.

అందుకని మీ ఆయనతో ఒక గంట కూర్చోండి. ఎవరొచ్చినా రెండు రోజుల ముందు ఫోను చేయాలని, ఆ ఫోను ఆయనకే చేయాలని అనుకోండి. బడి ఉన్న రోజుల్లో చుట్టాలుంటే అన్నం ఇంట్లో, కూరలు కర్రీ పాయింటు నుంచి. షాపు కుర్రాడి చేత ఆయన పంపాలి. ఉద్దానం నుంచి అన్నేసి గంటలు బస్సులో వచ్చి, డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నవాళ్లకు కావలసింది పడుకోవడానికి చోటు, పలకరింపు. నాలుగు రకాలు వండలేదని ఎవరూ చిన్నబుచ్చుకోరు. పక్కలు వేయడం, కంచాలు తీయడం పాపకు ఇప్పుడే, బాబుకు పరీక్షలయ్యాక అప్పగించండి. అతిథి మర్యాద అమ్మ ఒక్కదాని పని కాదని ఇద్దరూ ఈ వయసులోనే నేర్చుకోవాలి. ఆడపిల్లకే నేర్పి వదిలేస్తే రేపు ఇంకో ఇంట్లో ఇదే ఉత్తరం పుడుతుంది.

ఆడపడుచుకు మీరే ఫోను చేయండి. కాదన్నందుకు క్షమాపణ అక్కర్లేదు, ప్రేమగా మాట్లాడితే చాలు. ‘వదినా, రథసప్తమికి రావద్దనడం నాకూ బాధగానే ఉంది. వాడి పరీక్షలవగానే పిల్లల్ని తీసుకుని రండి, రెండు రోజులుండండి. ఆదివారం అందరం అరసవల్లి దర్శనానికి వెళ్దాం’ అనండి. తేదీతో సహా పిలిస్తే ఆ పిలుపులో నిజం ఉందని ఆమెకే తెలుస్తుంది.

మీ ఉత్తరం మొత్తంలో విసుగు కనిపించని చోటు ఒకటుంది. బోర్డు కనబడక చదువులో వెనకబడిన నాలుగో తరగతి పిల్లకు కళ్లద్దాలు కొనిచ్చిన సంగతి. ఎలిజబెత్ డన్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరికి ఐదు డాలర్లు, కొందరికి ఇరవై ఇచ్చి సాయంత్రంలోగా ఖర్చు చేయమన్నారు. తమకోసం వాడుకున్నవాళ్లకంటే ఇంకొకరి కోసం ఖర్చుపెట్టినవాళ్లు ఎక్కువ సంతోషంగా కనిపించారు. ఐదా, ఇరవయ్యా అన్నదాని వల్ల తేడా రాలేదు. ఆ పిల్ల అవసరం మీ కళ్లతో మీరు చూశారు, ఎవరూ అడగకుండా ఇచ్చారు. మనసు ఇరుకైపోయిన మనిషి చేసే పనా అది? ఇలా మీ ఇష్టంతో చేసేది చిన్నదైనా ఒకటి మీకంటూ ఉంచుకోండి. మిగతా చోట్ల కాస్త తగ్గించడానికి ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

చివరగా, ఇది వాయిదా వేయకండి. నీరసం, కోపం, ఏడుపు కలిసి వస్తున్నాయంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి. సొంత మందుల షాపు ఉంది కదా అని ఒక బలం మాత్ర వేసుకుని సరిపెట్టుకోవద్దు, డాక్టరుకు చూపించుకోండి. నిద్రకు వేళ కుదిరాక కూడా రెండు వారాలపాటు ఏడుపు ఆగకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ అడగరు.