తిప్పెక్కిన పడవని తొందరపడి దింపకు

అమ్మలూ,

నువ్వు మోటారు బోటు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పడం కాదు, దెబ్బలాడింది. "అంతా నీ పోలికే అన్నయ్యా, నీళ్ళు కనిపిస్తే చాలు, ఆగదు" అంది. ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఇంజను పట్టిన మనిషివి నువ్వే అని ఒక పక్క పొంగిపోయాను. ఇంకో పక్క, నీ వయసులో నేను చేసిన పని గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది.

లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. నువ్వు తూలిపడితే ఇంజను ఆపేసే కిల్ స్విచ్ తాడు తగిలించుకోకుండా ఇంజను తిప్పకు. వానా గాలీ చూసుకుని బయల్దేరు. ఇవన్నీ నీకు నేర్పినవాళ్ళు చెప్పే ఉంటారు. వాళ్ళు రెండు నిమిషాల్లో దాటేసి ఉండే సంగతి ఒకటుంది, పడవ నేలకి తగిలితే ఏం చెయ్యాలన్నది. దాని కోసమే ఈ ఉత్తరం.

నువ్వెంత చూసుకుని నడిపినా ఏదో ఒక రోజు తగులుతుంది. ఇసుక మేటలు కిందటేడు ఉన్నచోటే ఉండవు. ఇంకో తిరకాసు కూడా ఉంది. వేగంలో ఉన్న బోటు నీటి మీదకి లేచి పరిగెడుతుంది, అప్పుడు దానికి తక్కువ లోతు చాలు. కింద ఇసుక కనిపించగానే గాభరాపడి థ్రాటిల్, అదే వేగం పెంచే మీట, ఒక్కసారిగా దించేశావనుకో, వెనక భాగం కూలబడి ప్రొపెల్లర్ ఇంకా కిందికి దిగుతుంది. ఆ వెనకే నీ బోటు లేపిన అల తరుముకొచ్చి, బోటుని ఎత్తి మేట మీద ఇంకాస్త లోపలికి కూర్చోబెడుతుంది. అందుకే తెలియని నీళ్ళలోకి ముందునుంచే నెమ్మదిగా వెళ్ళాలి.

ఇప్పుడు అసలు కథ. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

దానికి అప్పటికి పెళ్ళి కాలేదు. నా ఫైబర్ బోటు కొత్తది. ఈత రాదు మొర్రో అంటున్నా బతిమాలి ఎక్కించుకున్నాను. సాయంత్రం ఎండ సూటిగా కళ్ళల్లో పడుతోంది, నీటి రంగు తెలియడం లేదు. మంచి వేగంలో ఉండగా కింద గర్రుమంది. బోటు ఆగింది, మేం ఆగలేదు. ఇద్దరం ముందుకి తూలిపడ్డాం. కాస్త దూరంలో ఇంకో పడవలో నాకు తెలిసిన కుర్రాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకడు ఈల వేశాడు.

ఆ ఈలే నా కొంప ముంచింది. చెల్లెలికి ఏమైందని చూడలేదు. పడవ అడుగున ఏముందని చూడలేదు. రివర్స్ వేసి థ్రాటిల్ పూర్తిగా లాగాను. వెనక నీళ్ళు బురదగా ఉడికాయి, బోటంతా వణికింది, అడుగున ఏదో బరబరా గీసుకుంది. మూడో ప్రయత్నానికి జారి బయటికొచ్చింది. కుర్రాళ్ళకేసి చెయ్యి కూడా ఊపాను. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

కాస్సేపటికి చెల్లి, "అన్నయ్యా, కాళ్ళు తడుస్తున్నాయి" అంది. జల్లు పడుంటుందిలే అన్నాను. మళ్ళీ అంది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే చీలమండల దాకా నీళ్ళు. దాని పెదవి చిట్లి గడ్డం మీదకి రక్తం కారుతోంది, అదీ అప్పుడే చూడటం. ఇంజను పక్కనుంచి సన్నగా ధారలా చిమ్మాల్సిన నీళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు. రివర్స్‌లో లేచిన ఇసుకంతా చల్లబరిచే నీటితోపాటు ఇంజను పీల్చేసుకుంది. లోపల ఆ నీళ్ళు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, అరిగి ముక్కలైంది. ఇంజను కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. మేం ఉన్నది లోతు నీళ్ళలో.

ఆ మేటలో ఒక మోడు పాతుకుని ఉందని తర్వాత తెలిసింది. మొదటి దెబ్బకి చిన్న బీటే పడింది. దాన్ని మూరెడు చీలికగా చీల్చింది నా రివర్సే. కదలకుండా ఆ ఇసుక మీదే ఉండి ఉంటే మాకు మోకాలి లోతు నీళ్ళు, అంతే.

తువ్వాలు చీలికలో కుక్కి దాని మీద కాలు పెట్టి నిలబడ్డాను. చెల్లి ఏడవలేదు, అరవలేదు. డబ్బా తీసుకుని నీళ్ళు తోడుతూనే ఉంది. నేను ఒంటి తెడ్డుతో ఎటు లోతు తక్కువగా ఉంటుందా అని వెతుక్కుంటూ వేశాను. ఏ మేట మీంచి సిగ్గుపడి పారిపోయానో, అలాంటి మేట కోసమే దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. చీకటి పడే వేళకి ఒకటి దొరికింది. కావాలనే దాని మీదకి ఎక్కించాను. పడవ అడుగు ఇసుకకి తగిలిన ఆ చప్పుడంత తియ్యటి చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

పెదవి మీద గాటు ఏమిటని ఇంట్లో అడిగితే మెట్ల మీద జారిపడ్డానంది. ఆ మచ్చ నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు. ఆ తర్వాత అది పడవెక్కలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. మొన్న ఫోన్లో దెబ్బలాడింది చూడు, అది ఇన్నేళ్ళ బాకీ.

అందుకే నీకు చెబుతున్నాను. తగిలిందా, న్యూట్రల్, వెంటనే ఇంజను ఆపు. ఎవడు ఈల వేసినా సరే. మనుషుల్ని చూడు, ఒక్కొక్కరి మొహం చూసి అడుగు. తర్వాత అడుగు పలకలు ఎత్తి నీళ్ళొస్తున్నాయేమో చూడు. ఊరికే నీళ్ళున్నాయా అని కాదు, పెరుగుతున్నాయా అని. ముక్కు కూడా వాడు. పెట్రోలు వాసన వస్తే ఇంజనూ ముట్టుకోకు, స్విచ్చులూ ముట్టుకోకు. రెండంగుళాల కన్నం నీటిమట్టానికి రెండడుగుల కింద పడితే నిమిషానికి 200 లీటర్లకి పైగానే లోపలికొస్తాయి. చిన్న బోట్లలో ఉండే పంపు దాన్ని తోడలేదు. కాబట్టి నీళ్ళు పెరుగుతుంటే బోటుని మేట మీంచి కదపొద్దు. ముందు కన్నం మూసే సంగతి చూడు. మూయడానికి గుడ్డలు, మెత్తటి కర్రతో చేసిన శంకు బిరడాలు బోటులో ఉంచుకో. సాయం అడగాల్సి వస్తే మొహమాటపడకు. సముద్రంలో అయితే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్.

పోటూ పాటూ ఉన్న నీళ్ళయితే ఆ లెక్క కూడా వెయ్యాలి. చాలాచోట్ల పోటు నుంచి పాటుకి 6 గంటల పైచిలుకు పడుతుంది. అందులో 3వ, 4వ గంటల్లోనే సగం నీళ్ళు దిగిపోతాయి. పాటు మొదలయ్యాక తగిలితే నిమిషాలు విలువైనవే, నిజమే. కానీ అడుగు చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, వాటిని మిగుల్చుకోకు. దిగే నీళ్ళలో చిక్కుకుపోయావా, ఇక పెనుగులాడకు. బోటు ఒరిగే వైపు కింద దిండో, కట్టిన గుడ్డల మూటో పెట్టు, రాళ్ళు గుచ్చుకోకుండా. లంగరు తీసుకెళ్ళి లోతు నీటి వైపు వేసి రా. లేకపోతే నీళ్ళు ఎక్కేటప్పుడు అలలు బోటుని ఇంకా పైకి తోస్తాయి.

అడుగు బాగుందని తేలాక మాత్రమే దింపడం. ఇంజను పైకి ఎత్తు, బరువులు తగలని వైపు జరుపు, లోతు చూసుకుని ఒకరిద్దరు దిగి, వచ్చిన దారినే వెనక్కి తోయండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది. ఇంకో బోటు లాగుతానంటే తాడు గట్టి కొక్కేనికే కట్టు, పైన స్క్రూలతో బిగించినవాటికి కాదు. తాడు బిగిశాక దాని వరసలో ఎవరూ నిలబడకూడదు. సాగిన నైలాన్ తాడు కొక్కేన్ని పెకలించుకుని ఎగిరొస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. ఆ కథ రాయను, నీకు నిద్ర పట్టదు.

బయటపడ్డాక సంబరం వద్దు. ఇంజను నెమ్మదిగా తిప్పి, ఆ సన్నటి ధార వస్తోందా చూడు. రాకపోతే ఆపెయ్యి. బోటు వణుకుతోందంటే ప్రొపెల్లర్ రెక్కో, ఇరుసో వంగినట్టు. ఇంజను గోలపెడుతున్నా బోటు కదలకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు జారినట్టు. చిన్న ఇంజన్లలో అయితే గేర్లనీ ఇరుసునీ కాపాడటానికి ఒక పిన్ను పెడతారు, అది విరిగి ఉంటుంది. ఒకటి అదనంగా దగ్గరుంచుకో. దారంతా అడుగు నీళ్ళు చూస్తూ ఒడ్డు వెంబడే రా.

ఒడ్డుకి లాగించాక కింద పడుకుని మరీ చూడాలి. సాలెగూడులాంటి సన్న గీతలు పైపూతవే కావచ్చు, కాకపోనూవచ్చు. రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ వెళ్ళు. టక్ టక్‌మన్నంతసేపు పరవాలేదు. ఒకచోట మొద్దుగా మోగితే అక్కడ పొరలు విడిపోయాయేమో అని అనుమానించాలి. గంటలు గడిచినా ఏ గీత నుంచైనా నీరు ఊరుతుంటే, దాని మీద పుట్టీ రాసి రంగు వేస్తానన్నవాడికి బోటు ఇవ్వకు. మర్నాడు ఇంజను కింది గేరు పెట్టె మర విప్పి చూడు. నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే సీలు పోయి లోపలికి నీళ్ళు దిగాయన్నమాట. అలాగే నడిపితే గేర్లు తినేస్తాయి.

చాలా రాశాను. తిట్టినట్టుంటే తిట్టాననే అనుకో. మీ అమ్మని పడవెక్కమని బతిమాలకు. ఎక్కుతానని అదే అంటే, ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

పార్సిల్లో లోతు కొలిచే నా గుండు తాడు పంపుతున్నాను. లోతు చూపించే మీటర్లు ఎన్ని ఉన్నా ఇది బోటులో ఉండనీ. గుండు అడుగున గుంట ఉంది, అందులో గ్రీజు పులిమి దింపితే కింద ఇసుకో, బురదో అంటుకొస్తుంది. ఏదీ అంటకపోతే రాయి అనుకో. ముడులు మూరకొకటి వేశాను గానీ అవి నా మూరలు. నీ బోటుకి ఎంత లోతు కావాలో కొలుచుకుని, అక్కడ ఎర్రగుడ్డ ముక్క కట్టుకో.

మీ మామయ్య