చేతికి రాని ప్రాక్టికల్స్ ఇప్పుడైనా నేర్చుకోవచ్చు

ప్రశ్న: మాది గాజువాక. 2019లో బీఎస్సీలో చేరాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చాలావరకు ఫోన్‌లోనే అయిపోయాయి. లాక్‌డౌన్‌లో నాన్న షాపు మూతపడితే, అమ్మ గాజులు కుదువ పెట్టి ఆ ఫోన్ కొన్నారు. డిగ్రీలో మంచి మార్కులే వచ్చాయి. కానీ ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూలో టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత తేల్చే ప్రయోగం) చేసి చూపించమంటే చేతులు వణికాయి. ‘కొవిడ్ బ్యాచా?’ అని నవ్వారు. మళ్లీ ఏ ఇంటర్వ్యూకీ వెళ్లలేదు. ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. నాన్న ‘ఊరికే వచ్చిన మార్కులు’ అని దెప్పుతున్నారు, సంబంధాలు చూస్తున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నాకు నిజంగానే ఏమీ రాదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీకు కెమిస్ట్రీ రాదని ఆ ఇంటర్వ్యూలో తేలలేదమ్మా. ద్రావణాన్ని చుక్కలుగా వదిలే గాజు గొట్టం, బ్యూరెట్ పట్టుకున్న అలవాటు లేదని తేలింది, అంతే. ఈ రెండింటినీ మీరూ, మీ నాన్నగారూ, అక్కడ నవ్విన పెద్దమనిషీ ఒకటే అనుకుంటున్నారు.

టైట్రేషన్ చూస్తే వచ్చే పని కాదు. ఒక చేత్తో బ్యూరెట్ కింది కుళాయి (స్టాప్‌కాక్) తిప్పుతూ, రెండో చేత్తో ఫ్లాస్క్ ఆడిస్తూ ఉండాలి. రంగు మారి గుర్తు చెప్పే ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబీకి తిరిగిన ఆ చుక్క దగ్గర చెయ్యి ఆగిపోవాలి. కాస్త దాటితే రంగు ముదురుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ద్రావణాన్ని కొలిచి తీసే పిపెట్‌ను బొటనవేలితో కాదు, చూపుడువేలితో మూయాలని మాస్టారు పక్కన నిలబడి సరిచేస్తేనే వేలికి పట్టుబడుతుంది. ఆన్‌లైన్ ల్యాబ్ అంటే గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే.

అది ఎవరూ కావాలని చేసింది కాదు. 2020 మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. అప్పటిదాకా సుద్దముక్కతో పాఠం చెప్పిన లెక్చరర్లు ఒక్కసారిగా ఫోన్ కెమెరా ముందు కూర్చోవలసి వచ్చింది. ఎదుట పిల్లల ముఖాలు లేవు, ఎవరికి అర్థమైందో తెలియదు. నవంబరులో కాలేజీలు దఫదఫాలుగా తెరిచారు. నిలదొక్కుకునేలోపే 2021 వేసవిలో రెండో వేవ్ ముంచెత్తింది. మార్కుల సంగతి కూడా చెబుతాను. పరీక్షలు పెట్టే వీలు లేకపోతే, ఆఖరి సంవత్సరం కాని వాళ్లకు సగం ఇంటర్నల్స్‌ను బట్టి, సగం అంతకు ముందు సెమిస్టర్‌ను బట్టి మార్కులు వేయవచ్చని 2020 ఏప్రిల్‌లో యూజీసీయే చెప్పింది. పిల్లల ప్రాణాలు కాపాడటానికి చేసిన ఏర్పాటు అది. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ నాన్నగారి మాట గురించి నేను ఎక్కువసేపు ఆలోచించాను. పూట గడవడమే కష్టమైన రోజుల్లో ఇంట్లో బంగారం తీసి ఫోన్ కొన్న మనిషి ఆయన. ఆ ఫోన్‌తో చదివిన చదువు ఇంటర్వ్యూలో అక్కరకు రాలేదంటే ఆయనకు ఎంత కష్టంగా ఉంటుందో చూడండి. అయినా దెప్పడం తప్పే, ఆ మాట ఆయనకు చెప్పాలి. షాపు కట్టేసి అలసిపోయి వచ్చినప్పుడు కాకుండా, ఆదివారం భోజనాలయ్యాక కూర్చోండి. ‘నాన్నా, మీరు కొన్న ఫోన్‌లో పాఠాలన్నీ విన్నాను. ల్యాబ్ పని మాత్రం దాంట్లో రాదు. నేర్చుకోవడానికి నాకు కొన్ని నెలలు కావాలి. ఊరికే వచ్చిన మార్కులని మీరు అంటుంటే పుస్తకం ముట్టుకోబుద్ధి కావడం లేదు’ అనండి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. పెళ్లి సంగతికీ అదే గడువు అడగండి, దాని మీద వేరే గొడవ అక్కర్లేదు.

నిద్ర విషయం తేలిగ్గా తీసుకోకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నేరుగా డాక్టరును కలవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళితే ఎవరేమనుకుంటారోనన్న టెన్షన్ వద్దు.

ఇక పని. మళ్లీ వీడియోల జోలికి మాత్రం పోకండి. మీరు చదివిన కాలేజీకే వెళ్లి కెమిస్ట్రీ హెచ్‌వోడీని కలవండి. జూనియర్ల ప్రాక్టికల్స్ జరిగేటప్పుడు ఒక మూల బెంచీ ఇవ్వమని, అవసరమైతే సామాను కడిగి సర్దుతానని అడగండి. కొవిడ్ రోజుల్లో మీకు నేర్పలేకపోయామన్న బాధ చాలామంది లెక్చరర్లకు ఉంది. అక్కడ కుదరకపోతే నీటి పరీక్షల ల్యాబుల్లో ట్రైనీగా అడగండి. జీతం తక్కువైనా చెయ్యి తిరుగుతుంది. డిగ్రీ చేసినవాళ్లకు స్టైపెండ్ ఇచ్చే అప్రెంటిస్‌షిప్‌లు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో ఉంటాయి, అర్హతలు చూసుకుని నమోదు చేసుకోండి. ఈసారి ఇంటర్వ్యూలో ‘మా బ్యాచ్‌కు ల్యాబ్ సరిగా జరగలేదు, తర్వాత ఇలా నేర్చుకున్నాను’ అని మీరే ముందు చెప్పేయండి. ట్యూషన్లు మానకండి, సాయంత్రాలకు మార్చుకోండి. కాలేజీకి మాత్రం కొత్త సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపే వెళ్లండి. బ్యాచ్‌లు వేసేశాక బెంచీ దొరకడం కష్టం.