ట్యూబు కాదు, టైరు చూడు

తమ్మీ, రామప్పకు సైకిల్ మీద పోదామంటే కొత్త ట్యూబేసినా వెనక టైరు మళ్లీ మళ్లీ పంచరైతుందని రాసినవ్ గదా. టైర్ల తుమ్మముల్లు విరిగి ఉండిపోయినట్టుంది. విప్పేముందు వాల్వు దగ్గర టైరు మీద సుద్దతో గీత పెట్టు. ట్యూబుకు వాల్వు నుంచి ఎంత దూరంల చిల్లుందో చూసి, గీత నుంచి అంతే దూరంల టైరు లోపల దూదితో తుడువు. ముల్లుంటే పోగు చిక్కుకుంటది. వేలు పెట్టకు, నేను పెట్టి గుచ్చుకున్న. చిల్లు రిమ్ము వైపుంటే మాత్రం స్పోకుల మొనలు కప్పే రిమ్ముటేపు జరిగి స్పోకు తగులుతున్నట్టే.

హన్మకొండ నుంచి ఒక్క దిక్కే 60 కిలోమీటర్ల పైన. ములుగు రోడ్డుకు లారీలెక్కువ, తెల్లారకముందే బయలెల్లితే వెనక ఎర్రలైటు, హెల్మెట్ ఉండాల్సిందే. ఇంకో ట్యూబు, పంపు సంచిల పెట్టుకో.