ఆటలమ్మ వచ్చి తగ్గిన ఏళ్లకి సర్పి ఎందుకు వస్తుంది?

రెండింటికీ కారణం ఒకటే హెర్పిస్ వైరస్: వారిసెల్లా జోస్టర్. ఆటలమ్మ తగ్గినా అది ఒంట్లోంచి పోదు, వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో నిద్రాణంగా ఉండిపోతుంది. వయసు పైబడ్డాకో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో మేలుకుని ఆ నరం వెంటే చర్మానికి చేరుతుంది. అందుకే పొక్కులు ఒంటికి ఒకవైపే, పట్టీలా లేస్తాయి. చిక్కేమిటంటే, వాటికి రెండు మూడు రోజుల ముందే మంట, పోటు మొదలవుతాయి. ఛాతీ మీదైతే గుండెనొప్పేమోనని కంగారుపడేవాళ్లూ ఉంటారు.

పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలవ్వాలి. పెద్దలకు మామూలుగా ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. చొప్పున రోజుకు 5 సార్లు, 7 రోజులు. కిడ్నీ జబ్బుంటే డాక్టర్ మోతాదు తగ్గిస్తారు. ముక్కు కొన మీద పొక్కు లేస్తే మాత్రం కంటికి ముప్పు, అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి.