సర్జరీ పోస్టింగ్‌లో ఏం నేర్చుకోవాలి? ముందు దుప్పటి తీసి చూడటం

వచ్చే నెల సర్జరీ పోస్టింగ్ మొదలవుతోంది, ఏం నేర్చుకుంటే పనికొస్తుంది, కుట్లు వేసే కిట్టు ఆన్‌లైన్‌లో కొనమంటారా అని అడిగావు. నేను చిన్న ఊళ్లో జనరల్ సర్జన్‌ని. కత్తి పట్టి ఇరవై ఏళ్లు దాటింది. కిట్టు సంగతి చివర్లో చెప్తాను తమ్ముడూ. ముందు నేను కేస్ షీట్‌లో రాసిన ఒక అబద్ధం గురించి చెప్పాలి.

స్టూడెంటుగా ఉన్నప్పుడు సర్జరీ పోస్టింగ్ అంటే నాకు లైబ్రరీయే. అటెండెన్స్ ఇచ్చి, రౌండ్స్‌లో వెనక వరసలో నిలబడి, చీఫ్ అటు తిరగ్గానే ఇటు జారుకోవడం. లావుపాటి పుస్తకం రెండుసార్లు పూర్తిచేశాను. వార్డులో పది పొట్టలు సరిగ్గా ముట్టుకుని చూడలేదు. పరీక్ష పాసయ్యాను కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు. హౌస్ సర్జన్‌గా మొదటి నెలలోనే బయటపడింది.

రాత్రి డ్యూటీ, బయట వాన. రెండు బస్సులు మారి ఒక మామ్మగారిని తీసుకొచ్చింది కోడలు. డెబ్బై ఏళ్లుంటాయి, ఎండు పుల్లలా ఉంది. మూడ్రోజుల్నించి వాంతులు, మెలిపెట్టే నొప్పి, కడుపు ఉబ్బిపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేసి సెలైన్ ఎక్కించాడట. దొడ్డికి రావట్లేదు, గాలి కూడా పోవట్లేదు. ఎక్స్‌రేలో పేగుల్లో నీళ్లూ గాలీ మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి. పేగు అడ్డుపడిందని గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్పగలడు. ఎందుకు అడ్డుపడిందన్నదే ప్రశ్న.

ఫిమేల్ వార్డులో మంచాలు లేవు, నేల మీద పరుపు. చుట్టూ పక్క పేషెంట్ల తాలూకు మగాళ్లు. అడ్డు పెట్టడానికి స్క్రీన్ ఎక్కడుందో నాకు తెలీదు, వెతికే ఓపికా లేదు. చీర మీంచే పొట్ట నొక్కి చూసి కేస్ షీట్ నింపేశాను. అందులో ఒక లైను: హెర్నియల్ ఆరిఫైసెస్ నార్మల్. అంటే గజ్జల్లాంటి, పేగు బయటికి పొడుచుకొచ్చే చోట్లన్నీ బాగున్నాయని. దాని కింద ఇంకోటి: పర్ రెక్టల్, ఎన్.ఏ.డి. అంటే మలద్వారంలో వేలు పెట్టి పరీక్షించాను, తేడా ఏమీ కనిపించలేదు అని. ఆ మూడక్షరాలకి 'నాట్ యాక్చువల్లీ డన్' అని సీనియర్లు వేసే జోకు అప్పటికే విని నవ్వాను కూడా.

ముక్కులో రైల్స్ ట్యూబు వేశాం, యూరిన్ బ్యాగు పెట్టాం, సెలైన్ నడిపించాం. పొద్దున చూద్దాంలే అన్నాడు పీజీ, అంటే నా పైన సర్జరీ చదువుతున్న డాక్టరు.

పొద్దున ఎనిమిదింటికి చీఫ్ వచ్చారు. షీట్ చదివి, "పొట్ట మీద పాత ఆపరేషన్ మచ్చ ఉందా?" అన్నారు. లేదన్నాను. "గజ్జలు చూశావా?" "చూశాను సార్." ఇంకేం మాట్లాడలేదు. సిస్టర్‌ని పిలిచి స్క్రీన్ తెప్పించారు. నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చుని, "మామ్మగారూ, ఒక్కసారి చూస్తానమ్మా" అని అడిగి, కోడలి చేత చీర సర్దించారు. కుడి గజ్జలో ఉసిరికాయంత గడ్డ. ఎర్రగా ఉంది, వేలు తగిలితే ఆవిడ విలవిల్లాడింది.

"ఇది నాలుగు రోజుల్నించీ ఉంది నాయనా. ఎవరూ అడగలేదు, సిగ్గేసి నేనూ చెప్పలేదు" అంది మామ్మగారు.

ఫీమోరల్ హెర్నియా. అంటే తొడ మొదట్లో ఉండే సందులోంచి పేగు బయటికి పొడుచుకురావడం. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువగా చూస్తాం. చిన్నదిగా ఉంటుంది, దారి ఇరుకు, అందులో దూరిన పేగు త్వరగా నలుగుతుంది. ప్యూబిక్ ట్యుబర్కిల్‌కి, అంటే గజ్జ దగ్గర చేతికి తగిలే ఎముక బొడిపెకి, కిందుగా, బయటివైపుగా ఉంటుందని నేను పరీక్షలో అక్షరం పొల్లుపోకుండా రాశాను. మార్కులు కూడా పడ్డాయి!

గంటలో థియేటర్‌లో ఉన్నాం. చిక్కుకున్న పేగు వంకాయ రంగుకి తిరిగింది. వేడి సెలైన్‌లో తడిపిన మాప్ చుట్టి, ఆక్సిజన్ పెంచి, రంగు మారుతుందేమోనని పది నిమిషాలు చూశారు. మారలేదు. జానెడు ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. రాత్రే చూసి ఉంటే ఆ ముక్క దక్కేదని నా నమ్మకం. దక్కేది కాదేమో కూడా. కానీ మధ్యలో పోయిన గంటలు మాత్రం నావే. మామ్మగారు పన్నెండో రోజు ఇంటికెళ్లింది.

నేను గుట్టుగా కేస్ షీట్‌లో ఆ లైను కొట్టేయబోతుంటే చీఫ్ చూశారు. "కొట్టేయకు. అదలాగే ఉండనీ. కింద తేదీ, టైము వేసి, ఇప్పుడు ఏం చూశావో అది రాసి సంతకం పెట్టు" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అందుకే సర్జరీ పోస్టింగ్‌లో ఏం నేర్చుకోవాలని ఎవరడిగినా నా జవాబు ఒకటే. చూడనిది రాయకు. చూడాలంటే దుప్పటి తీయాలి, స్క్రీన్ ఎక్కడుందో తెలియాలి, సిస్టర్‌ని పక్కన ఉండమని అడగడం రావాలి, సిగ్గుపడే మనిషిని ఒప్పించే మాట నోట్లో ఉండాలి. ఇవి ఏ వీడియోలోనూ రావు.

ఇక్కడ మీ లాగ్‌బుక్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 2019 బ్యాచ్ నుంచి కొత్త సిలబస్ వచ్చింది, చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్‌లో ఎక్కించాలి. ఆలోచన మంచిదే. జరిగేది ఏమిటంటే, పోస్టింగ్ ఆఖరి రోజు ముగ్గురు ఒకే పుస్తకం చూసి ఎక్కించుకుని, క్యాంటీన్‌లో సార్ సంతకం కోసం కాపలా కాయడం. అంటే నేను హౌస్ సర్జన్‌గా చేసిన పనిని మీకు స్టూడెంటుగానే అలవాటు చేస్తున్నారన్నమాట.

తెలుగు కూడా నేర్చుకో. నవ్వకు. మొన్న మా దగ్గరికి వచ్చిన ఒక హౌస్ సర్జన్‌కి వరిబీజం అంటే ఏంటో తెలీదు. 'గజ్జల్లో బిళ్ల కట్టింది' అని పెద్దాయన చెబితే, మాత్ర అనుకుని ఏ బిళ్ల వేసుకున్నావని అడిగాడు. మొలలు, సెగగడ్డ, కడుపుబ్బరం, డొక్కలో పోటు, ఇవి తెలియకుండా హిస్టరీ ఎలా తీసుకుంటారో నాకు అర్థం కాదు. పేషెంటు ఇంగ్లిష్‌లో ఏడవడు.

థియేటర్‌కి వెళ్లు, వద్దనను. కానీ ఆకుపచ్చ గౌనులో ఫొటో దిగి, తర్వాత రెండు గంటలు సర్జన్ వీపు చూసి వస్తే ఏం లాభం? ఏమీ కనిపించకపోతే తలవైపుకి వెళ్లి మత్తు డాక్టరు పక్కన నిలబడు. ఊపిరి గమనించడం, గొట్టం వేయడం, నరంలోకి లావుపాటి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) ఎందుకు పెడతారో అక్కడే తెలుస్తుంది. 1888, 1889ల్లో హైదరాబాద్‌లో నిజాం సాయంతో అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిపిన డాక్టరు ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకి నేరుగా ఏం కాదని తేల్చాడు. గుండె విషయంలో ఆయన పొరపడ్డాడని తర్వాత తేలింది. ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్నది మాత్రం ఇప్పటికీ పనికొచ్చే మాటే.

మిగిలిన టైమంతా డ్రెస్సింగ్ ట్రాలీ వెనకాలే తిరుగు. షుగర్ కాలు డ్రెస్సింగ్ వాసనకి ముక్కు మూసుకుని పారిపోయేవాళ్లకి, చీము ఎక్కడ దాగిందో, పుండు మానుతోందో లేదో ఎప్పటికీ తెలియదు. ఆ కాలికి పాదం మీద నాడి ఆడుతోందా లేదా నీ వేళ్లతో నువ్వే చూడు. మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగు రోజూ చూడు. అరవై కిలోల మనిషికి గంటకి ముప్ఫై మిల్లీలీటర్లయినా రావాలి. రాకపోతే పీజీని లేపు, విసుక్కున్నా సరే.

కిట్టు అడిగావు కదా. కొనుక్కో, తప్పేం లేదు, అరటితొక్క మీద కుట్టుకో. కత్తెర మాత్రం ఇంట్లోవాళ్ల కంటపడనీయకు. నా మొదటి కిట్టులోది ఇప్పటికీ మా వంటింట్లో పాల ప్యాకెట్లు కోస్తోంది.