పచ్చి పత్తి గాయానికి ఎందుకు పనికిరాదు?

చేలో తీసిన పత్తి గాయం మీద పెడితే రక్తం పీల్చుకోవట్లేదని అడిగారు కదా. తప్పు మీది కాదండీ, పచ్చి పత్తి పోగు మీద సన్నని మైనం పొర ఉంటుంది. గిన్నెడు నీళ్లలో చిన్న ఉండ వేసి చూడండి, తేలుతూనే ఉంటుంది. మెడికల్ షాపు దూది 10 సెకన్లలోపే మునిగిపోతుంది. దాన్ని క్షారంలో ఉడికించి ఆ మైనం తీసేస్తారు. ఇంట్లో సోడా వేసి ఉడికించినా పీల్చుకుంటుంది కానీ, క్రిములు లేవని నమ్మలేం. గాయానికి మాత్రం వద్దు, దిండ్లకు వాడుకోండి.

తెరిచి ఉన్న గాయానికి ముందు గాజుగుడ్డ, దాని మీదే దూది. లేకపోతే పోగులు పుండుకు అతుక్కుని, తీసేటప్పుడు ప్రాణం పోయినంత నొప్పి.

పత్తి వేరు కషాయం సంగతీ అడిగారు. గర్భిణులు అస్సలు తాగకూడదు, గర్భస్రావం అయ్యే ప్రమాదముంది. గింజల్లో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, కాబట్టి రిఫైన్ చేయని పత్తి గింజల నూనె వంటకు వాడకండి.